మడ అడవికి మనుషులే గట్టు

*రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా అందరి నోటా 2027 గోదావరి పుష్కరాల మాటే. ఘాట్లు, వంతెనలు, రంగురంగుల దీపాలు. ఆ నది సముద్రంలో కలిసేచోట 235 చదరపు కిలోమీటర్ల కోరంగి అభయారణ్యం ఉంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో చాలామందికి యూనిఫాం లేదు, జీతం లేదు.*

పోటు దిగిపోయింది. రాత్రి పడవ తిరిగిన కాలవలో ఇప్పుడు మోకాలి లోతు బురదే మిగిలింది. లుంగీలు ఎగగట్టిన మగవాళ్లు పారలతో బురద కోసి ఎత్తుతుంటే, కుచ్చెళ్లు నడుముకు దోపుకున్న ఆడవాళ్లు తట్టలు చేతులు మార్చుకుంటూ గట్టు మీద పోస్తున్నారు. ఎవరి కాళ్లకీ చెప్పుల్లేవు. వేసుకున్నా ఆ బురద వాటిని పైకి రానివ్వదు. అడుగు వేసేచోటల్లా మడచెట్ల శ్వాసవేర్లు నేలలోంచి నిటారుగా పొడుచుకొని ఉంటాయి, వాటి మధ్య ఆలిచిప్పల అంచులు. ఏమరితే పాదం చీరుకుపోతుంది. పక్కనే వేలెడంత చేపలు బురద మీద గెంతుతున్నాయి. మాటిమాటికీ ఎవరో ఒకరు తల తిప్పి సముద్రం వైపు చూస్తారు. "కానీండర్రా, పోటెక్కేత్తంది!" ఇక్కడ పనివేళలు గడియారాన్ని బట్టి కాదు, తిథిని బట్టి నడుస్తాయి.

కోరంగి మడ అడవిలో పూడిక తీసే పని ఇలా ఉంటుంది. ఇది ఫొటోలో బాగా పడదు. మొక్కలు నాటే రోజున వచ్చే కెమెరాలు పూడిక తీసే రోజున రావు. కానీ నాటిన మొక్క బతికిందా చచ్చిందా అన్నది తేలేది ఈ కాలవలోనే.

నది కడకొసన

గోదావరి గురించి ఈమధ్య వింటున్న కబుర్లన్నీ పై ఒడ్డువే. 2025 జూన్‌లో 'అఖండ గోదావరి' ప్రాజెక్టుకు రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగింది. దాదాపు 94 కోట్ల రూపాయలు. హేవలాక్ వంతెనకు కొత్త రూపు, పుష్కర ఘాట్‌కు మెరుగులు. 1900లో తెరిచి, 1997లో రైళ్లు ఆపేసిన ఆ వంతెన మీద ఇన్నేళ్లకు జనం నడుస్తారంటే సంతోషమే. అయితే ధవళేశ్వరం ఆనకట్ట దాటి పాయలుగా విడిపోయిన నీళ్లు ఏం చేస్తాయో చూడాలంటే ఇంకా కిందికి రావాలి. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద, ఊరు దాటిన కాసేపటికే చొల్లంగి వస్తుంది. చొల్లంగిపేట దగ్గర మడచెట్ల మధ్య నుంచి వేసిన చెక్కల దారి, చూపు మేడ, షికారు పడవలు. ఆదివారం కాకినాడ కుటుంబాలతో కిటకిటలాడే ఈ చోటు కోరంగి అభయారణ్యానికి వాకిలి మాత్రమే.

ప్రభుత్వం 1978లో కోరంగిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో సుందరవనాల తర్వాత రెండో పెద్ద మడ అడవి ఇదేనని పడవల మీద గైడ్లు చెబుతారు. ఒడిశాలో భితర్‌కనికకు వెళితే అక్కడివాళ్లూ అదే మాట చెబుతారు. విస్తీర్ణం లెక్క తీస్తే గుజరాత్ తీరం ఈ రెంటినీ దాటేస్తుంది. ఈ పోటీ మనకు అనవసరం. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల వంటి ఇన్ని రకాల చెట్లు, రెండు వందలకు పైగా పక్షి జాతులు, బావురుపిల్లి, నీటికుక్క, నక్క, ఆలివ్ రిడ్లే తాబేలు ఒకే చోట ఉన్నాయి. గొప్ప చెప్పుకోవాలనుకుంటే అది చాలు.

ఈ చెట్ల తీరే వేరు. కొన్ని జాతుల్లో గింజ కొమ్మకు ఉండగానే మొలకెత్తి, తర్వాత బురదలోకి జారుతుంది. మడచెట్టు తాగిన నీటిలోని ఉప్పును ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కట్టెలకు వెళ్లినవాళ్లు దాని జోలికి పోరు.

చేపముల్లు కాలవలు

అడవి ఎందుకు పలచబడింది అనగానే మన వేలు కట్టెలు కొట్టుకునే పేదవాడి మీదికి పోతుంది. అసలు కథ అంత తేలిక కాదు. బ్రిటిష్ కాలం నుంచి దశాబ్దాల పాటు తూర్పు తీరంలో మడ అడవుల్ని ముక్కలుగా విడదీసి వంతులవారీగా కొట్టే కూపుల పద్ధతిలో సర్కారు వారే నరికించారు. ఒక కూపు మొత్తం నరికేస్తే నేలకు నీడ పోతుంది. ఎండకు బురదలో తేమ ఆవిరై నేల కుంగి పళ్లెంలా గుంట పడుతుంది. పోటుకు ఎక్కిన ఉప్పునీరు పోటు దిగాక కూడా ఆ గుంటలోంచి బయటికి పోదు. నిలిచిన నీరు ఎండే కొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. ఆఖరికి ఉప్పును తట్టుకోవడానికే పుట్టిన మడమొక్క కూడా అక్కడ బతకదు. కొట్టడం ఆపేసినా అడవి తిరిగి రాకపోవడానికి కారణం ఇదే.

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తమిళనాడులోని పిచ్చవరంలో ఈ చిక్కుముడి విప్పారు. 1990ల చివర భారత్-కెనడా పర్యావరణ నిధి సాయంతో అదే పద్ధతిని గోదావరి, కృష్ణా ముఖద్వారాలకు తెచ్చారు. ఉపాయం సాదాసీదాదే. పాయకు కలిపి ఒక పెద్ద కాలవ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్ల కాలవలు. పైనుంచి చూస్తే చేపముల్లు ఆకారం. పోటుకు నీరు లోపలికి వస్తుంది, దిగేటప్పుడు పాత ఉప్పును కడుక్కుంటూ వెళుతుంది. నేల చల్లబడ్డాక కాలవ గట్ల వాలులో మొక్క నాటుతారు.

తవ్వకం ఒక్కసారి పని. కానీ గోదావరి తెచ్చే ఒండ్రు ఆగదు కదా! కొన్నేళ్లకు కాలవ నోరు పూడుకుంటుంది, లోపలి మొక్క మళ్లీ ఉప్పులో పడుతుంది. దాన్ని కనిపెట్టుకొని ఉండేదెవరు? ప్రాజెక్టుకు ముగింపు తేదీ ఉంటుంది. శాస్త్రవేత్త తిరిగి చెన్నై వెళ్లిపోతాడు. రేంజి ఆఫీసరుకు బదిలీ వస్తుంది. ఊళ్లోవాళ్లకు మాత్రం బదిలీ లేదు. తాళ్లరేవు మండలంలోని మట్లపాలెం వంటి తీర గ్రామాల్లో జనం సమితులు కట్టి ఈ పని నేర్చింది అప్పుడే.

రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యంతో మొదలయ్యాయి. అభయారణ్యాల చుట్టూ ఉన్న ఊళ్లలో వీటిని పర్యావరణ అభివృద్ధి కమిటీలంటారు. కాగితం మీద వాటి పని అడవిని కాపాడటం. చేతల్లో అంటే కొట్టేవాణ్ణి ఆపడం, పశువుల్ని మడలోకి తోలకుండా చూడటం, నారు పోయడం, నాటడం, పూడిక తీయడం. ఆపాల్సినవాడు పరాయివాడైతే సులువే. మేనమామో తోడల్లుడో అయినప్పుడే అసలు కష్టం.

> కోరంగి: రేవు, తుపాను, రంగూన్
>
> ఈ అడవి పక్కనే ఒకప్పుడు పేరుమోసిన ఓడరేవు ఉండేది. కోరంగిలో ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. దగ్గర్లోని ఇంజరం బట్టలకు ప్రసిద్ధి. ఇక్కడి నుంచి బర్మా వెళ్లిన తెలుగు కూలీల వల్ల అక్కడ తెలుగువాళ్లందరికీ 'కోరంగీలు' అన్న పేరు స్థిరపడింది.
>
> 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెనకు ఊరు తుడిచిపెట్టుకుపోయింది. సుమారు 20,000 మంది పోయారని రాతలున్నాయి. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ తుపానులపై రాసిన రచనల్లో ఈ ఉప్పెనను వర్ణించాడు. 'సైక్లోన్' అన్న మాటను 1848 నాటి తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. 1839 నవంబరులో మరో ఉప్పెన. దానికి 3 లక్షల మంది బలయ్యారని పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తూ వచ్చాయి. ఆ కాలపు జనాభాకు అది నమ్మశక్యం కాని లెక్క. రేవు మాత్రం మళ్లీ పూర్వపు స్థితికి రాలేదు.
>
> ఏటా పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో సముద్రస్నానానికి జనం పోటెత్తుతారు. గోదావరి ఏడు పాయల సంగమాలను వరుసగా సేవించే సప్తసాగర యాత్ర ఇక్కడ మొదలై, భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో వశిష్ఠ సంగమం దగ్గర ముగుస్తుంది.

కట్టె మోపు ఆగిన ఇల్లు

అడవి కాపలా అంటే మనకు లాఠీ పట్టుకున్న మగవాడు గుర్తొస్తాడు. కోరంగి ఊళ్లలో కాపలా భారం ముందు పడింది ఆడవాళ్ల మీద. పొయ్యిలోకి కట్టె తెచ్చేది వాళ్లే కాబట్టి. మడ కట్టె పచ్చిగా ఉన్నా బాగా మండుతుంది. ఇంటి వెనకే దొరుకుతుంది, పైసా ఖర్చు లేదు. సమితి తీర్మానం చేసిన మర్నాటి నుంచి అది మానేయాలి. 1999లో వచ్చిన దీపం పథకంలో గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు అడవి మీద భారం తగ్గించడం కూడా దాని లక్ష్యాల్లో ఒకటి. కనెక్షన్ ఒకసారి ఇస్తారు, సిలిండరు మాత్రం మళ్లీ మళ్లీ కొనాలి. వేట సాగని నెలల్లో ఆ డబ్బు ఎక్కడిది? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం. ఆ రెండు నెలల్లో మడ కట్టె వైపు చెయ్యి సాగకుండా ఉండటం ఏ శ్రమదానానికీ తీసిపోదని నా అభిప్రాయం.

అడవి వాళ్లకు తిరిగి ఏమిచ్చింది అంటే మొదట పీతలు చూపిస్తారు. మండపీతకు మంచి ధర ఉంటుంది. మడవేర్ల మధ్యే అది పెరిగేది. రొయ్య పిల్ల, పండుగప్ప పిల్ల కూడా అక్కడే ఎదుగుతాయి. చలికాలంలో ఈ నది మొగల దగ్గరే చీరమేను అనే చిట్టి చేప పడుతుంది. శేరు లెక్కన కొనుక్కుని గారెలు వేసుకునే గోదావరి జిల్లాల వాళ్లకు దాని సంగతి విడిగా చెప్పక్కర్లేదు. చెట్టు పోతే వలలో చేప తగ్గుతుందని ఈ ఊళ్లవాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు.

ఆ చెట్ల వల్ల గాలి, అల నెమ్మదించే సంగతీ వాళ్లకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగాయి. మడ అడవి ఒత్తుగా ఉన్నచోట నీటి తాకిడి తగ్గిందని ఆ తర్వాత ఊరూరా చెప్పుకున్నారు. మొక్కలు నాటడానికి జనం ముందుకు రావడంలో ఆ రాత్రి జ్ఞాపకానిదే పెద్ద పాత్ర. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. చెరువు గట్లు మడ అడవిని కొరుక్కు తింటున్న రోజులవి.

రాత్రి కెమెరా, తెల్లవారుజాము ఇసుక

బావురుపిల్లిని పగలు చూసినవాళ్లు అరుదు. పిల్లుల్లో నీళ్లలో దిగి చేపలు పట్టేది ఇది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులికి ఇచ్చిన మొదటి షెడ్యూలు రక్షణ దీనికీ ఉంది. 2018లో కోరంగిలో చెట్లకు కెమెరాలు కట్టి లెక్కిస్తే 115 తేలాయి. ఏ పాయ ఒడ్డున అడుగుజాడ ఉంది, ఏ గట్టు మీద అది పొలుసులు వదిలిపోయింది అన్నది ముందు తెలిసేది పీతలు పట్టేవాడికే. అటువంటి మనిషి చెయ్యి చూపించకపోతే అంత అడవిలో కెమెరా ఎక్కడ కట్టాలో పట్నం పరిశోధకుడికి ఎలా తెలుస్తుంది?

కాకినాడ సముద్రానికి అడ్డంగా 16 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న హోప్ ఐలాండ్ గత రెండు వందల ఏళ్లలో గోదావరి ఒండ్రు పోసిన ఇసుక తిప్ప. ఇక్కడా, కోనసీమ ఇసుక తీరాల్లోనూ జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో వందకు అటూ ఇటూ. తెల్లారేలోగా ఆ జాడ పట్టాలి. కుక్కలకంటే, నక్కలకంటే ముందు చేరి గుడ్లు తీసి, కంచె కట్టిన చోట మళ్లీ పాతాలి. దాదాపు 50 రోజులకు పిల్లలు పైకొస్తాయి. అటవీ శాఖ ఈ పనికి తీసుకునేది తీర గ్రామాల కుర్రాళ్లనే. ఆ నెలల్లో వాళ్లకు నిద్ర తెల్లవారాకే. ట్రాలర్ల వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్లను లెక్కపెట్టేదీ వాళ్లే. తాబేలు తప్పించుకునే ద్వారం వలకు అమర్చుకోమని ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. అమర్చనివాడి మీద చర్య అనేది ఒడ్డున కాపలా కాసే కుర్రాడి చేతిలో లేదు.

జనవరిలో ఇంకో రకం మనుషులు కనిపిస్తారు. మెడలో బైనాక్యులర్, చేతిలో నోట్‌బుక్. ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైంది. పలు దేశాల్లో ఒకే నెలలో, ఎక్కువగా వాలంటీర్లతోనే జరుగుతుంది. కాకినాడ తీరం ఇసుక తిట్టెల మీద వందల్లో వాలే ఇండియన్ స్కిమ్మర్‌ను చూడ్డానికి దూరాల నుంచి వస్తారు. కింది ముక్కు పొడుగ్గా ఉండి, నీటిని కోసుకుంటూ ఎగిరే ఈ పక్షి ప్రపంచంలో కొద్ది వేలే మిగిలింది. ఉద్యోగులు, విద్యార్థులు సెలవు పెట్టుకొని వచ్చి చేసే ఈ లెక్కకు, పూడిక తీసేవాళ్ల లెక్కకు మధ్య తేడా ఒక్కటే. వీళ్లు వదులుకునేది సెలవు. వాళ్లు వదులుకునేది ఆ రోజు కూలి.

> రాజమండ్రి నేర్పిన పాఠం
>
> వారసత్వాన్ని సర్కారు కంటే ముందు పౌరులు భుజానికెత్తుకోవడం గోదావరి జిల్లాలకు కొత్త కాదు. వసురాయ గ్రంథాలయాన్ని నాళం కృష్ణారావు 1898లో కుర్రవయసులో మొదలుపెట్టారు. అదే తర్వాత గౌతమీ గ్రంథాలయంలో కలిసింది. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి 900 ఏళ్లయిన సందర్భంలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. దాని సభ్యులు శాసనాలు, నాణేలు, విగ్రహాలు ఏరి తెచ్చారు. గోదావరి గట్టున మ్యూజియానికి పేరు ఇచ్చిన రాళ్లబండి సుబ్బారావు ఆ కోవలోనివారే. చిత్రకారుడు దామెర్ల రామారావు 28 ఏళ్లు నిండకముందే, 1925లో మశూచితో కన్నుమూస్తే ఆయన బొమ్మలు చెదిరిపోకుండా చూసింది వరదా వెంకటరత్నం వంటి మిత్రులు. ఇవాళ మనం చూసే గ్యాలరీ వెనక ఆ స్నేహం ఉంది.

సేవ అంటే ఉచితమనా?

ఇక్కడ ఒక సంగతి సూటిగా చెప్పుకోవాలి. 'స్వచ్ఛంద సేవ', 'శ్రమదానం' అన్న మాటల్ని మనం చాలా సుఖంగా వాడేస్తున్నాం. పార్కులో ఒక ఆదివారం చెత్త ఏరే నగరవాసికి అది సరిపోతుంది. రెక్కాడితే గాని డొక్కాడని వేటగాణ్ణి పిలిచి, నీ అడవే కదా ఉచితంగా కాపాడుకో అనడం వేరు. అతడు కాపాడుతున్నది తన వలనొక్కదాన్నే కాదు. కాకినాడ పోర్టును, నగరాన్ని, మన పళ్లెంలోని రొయ్యను కూడా.

అమెరికాలో జాతీయ పార్కుల వాలంటీర్లకు 1970లోనే ఒక చట్టం తెచ్చారు. జీతం ఉండదు కానీ రాకపోకలు, బస, యూనిఫాం ఖర్చులు ఇవ్వవచ్చు. పనిలో దెబ్బ తగిలితే ఉద్యోగికి ఇచ్చినట్టే పరిహారం. డబ్బున్న దేశం కాబట్టి ఇచ్చిందనుకోవద్దు. సేవ చేసే మనిషికి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ముందుగా జవాబు రాసుకుంది. పాములు తిరిగే బురదలో, పోటు తరుముకొచ్చే పాయలో పనిచేసేవాళ్లకు మన దగ్గరా ఆ జవాబు రాసి ఉండాలి.

కోరంగిలో దారి లేకపోలేదు. చెక్కల దారి, పడవ షికారు సమాజ ఆధారిత పర్యాటకం కింద స్థానికులతో నడుస్తున్నాయి. గైడు, పడవ నడిపేవాడు, టికెట్ ఇచ్చేవాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. 2011లో మొదలైన గోదావరి ముఖద్వార జీవవైవిధ్య ప్రాజెక్టు, దాన్నుంచి పుట్టిన ఈగ్రీ ఫౌండేషన్ ఊళ్లను, అటవీ శాఖను, పరిశ్రమలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే ప్రయత్నం చేశాయి. 2023లో కేంద్రం మడ అడవుల కోసం మిష్టి పథకం తెచ్చింది. పేరు చివర్లోనే 'ఆదాయాలు' అన్న మాట చేర్చారు. అది ఊళ్లకు అందాలంటే ఆ డబ్బులో పూడికతీతకు ఏటా విడిగా పద్దు ఉండాలి. నాటిన మొక్కల సంఖ్య చూపించి బిల్లు పెట్టుకునే పద్ధతి పోయి, మూడేళ్లకు బతికున్న మొక్కల సంఖ్యకు డబ్బివ్వాలి.

అడవి నడిచి వెళ్లదు

మనుషులు ఎంత కాచినా కొన్ని దెబ్బలు వాళ్ల చేతుల్లో ఉండవు. ఎగువ ఆనకట్టలు ఒండ్రును పట్టేసుకుంటున్నాయి, డెల్టాకు చేరే మట్టి తగ్గింది. ఉప్పాడలో సముద్రం ఇళ్లను, రోడ్డును మింగుతూ వస్తోంది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ అడవిని ఇళ్ల స్థలాల కోసం చదును చేసినప్పుడు పౌరులు జాతీయ హరిత ట్రైబ్యునల్ తలుపు తట్టాల్సి వచ్చింది. పేదలకు ఇల్లు కావాలి, అందులో రెండో మాట లేదు. ఆ ఇంటికి ఉప్పెన నుంచి అడ్డుగా ఉన్న చెట్టును నరికి అక్కడే స్థలం ఇవ్వడాన్ని మేలు అనలేం.

కేరళలోని కన్నూరు జిల్లాలో కల్లేన్ పొక్కుడన్ అనే దళిత కార్మికుడు 1989లో ఒంటరిగా మడ మొక్కలు నాటడం మొదలుపెట్టాడు. నది గట్టు మీద బడికి వెళ్లే పిల్లలకు గాలి అడ్డు కావాలని. 2015లో ఆయన చనిపోయేనాటికి ఆ జిల్లాలో మడ అడవి అంటే పొక్కుడన్ పేరే చెప్పేవారు. మనకు అలా చెప్పుకోవడానికి ఒక్క పేరు లేదు. కోరంగిలో ఆ పని చేసింది మొత్తం ఊళ్లు కాబట్టి.

పుష్కరాలకు లక్షల మంది గోదావరికి వస్తారు. వాళ్లలో కొందరినైనా చొల్లంగి దాకా రప్పించాలని పర్యాటక శాఖ అనుకోవడం సహజం. రండి. కొన్ని మాటలు మాత్రం గుర్తుపెట్టుకోండి. వెళ్లేముందు పోటు వేళ కనుక్కోండి, పోటు మీదే పడవ బాగా తిరుగుతుంది. చొల్లంగి అమావాస్యకు స్నానానికి వెళితే విడిచిన బట్టలు, ప్లాస్టిక్ కవర్లు వెనక్కి తెచ్చుకోండి. పాయలోకి పోయిన కవరు శ్వాసవేర్లకు చుట్టుకుంటే దాన్ని తీసేది ఊళ్లోవాళ్లే. పక్షులంటే ఇష్టముంటే జనవరి గణనకు అటవీ శాఖ వన్యప్రాణి విభాగంలో ముందుగా పేరు ఇవ్వండి. పక్షుల పేర్లన్నీ తెలియకపోయినా ఫర్వాలేదు, లెక్క రాసేవాళ్లూ కావాలి. గైడును తీసుకుంటే బేరం ఆడకండి.

ఇక పుష్కరాల నిధులు పంచే అధికారులకు ఒక్క మనవి: ఘాట్ల లెక్క రాసే పుస్తకంలో కోరంగి కాలవల పూడికతీతకు కూడా ఒక పేజీ ఉంచండి. కూలితో సహా.